బూజు సంగతి చూసిన పుష్పలత

తిరువూరులో బూజు దులపడంలో పుష్పలతను మించిన మనిషి లేదు. ఈ మాట ఆమె చెప్పుకున్నది కాదు. కాలేజీ ప్రిన్సిపాల్ దత్తాత్రేయులు గారు స్టాఫు మీటింగులో అందరి ముందూ అన్నది. ఆయన నోటి వెంట మెచ్చుకోలు రావడం ఏడాదికి ఒకసారే, అదీ కరస్పాండెంటు గారి పుట్టినరోజున. అలాంటి మనిషి అటెండరును పట్టుకుని అంత మాట అనేసరికి పుష్పలత వారం రోజులపాటు నేల మీద నడవలేదు.

ఆమెది వినగడప. పదో తరగతి పాసైంది. లెక్కల్లో సరిగ్గా ముప్పై అయిదు వచ్చాయి, అయినా పాసు పాసే. పెళ్ళయ్యేదాకా పత్తి చేలకు వెళ్ళింది. పగిలిన కాయలోంచి ఎండాకు నలుసు అంటకుండా దూది లాగాలంటే వేళ్ళకు ఒక ఒడుపుండాలి. అది ఆమెకు బాగా పట్టుబడింది. ఆటో నడిపే అంకారావును చేసుకుని తిరువూరు వచ్చాక ఆ ఒడుపుతో పని లేకపోయింది. ఇప్పుడు నలభై రెండేళ్ళు. ఆరేళ్ళుగా ఈ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అటెండరు. గంట కొట్టేది ఆమే, గదులు ఊడ్చేది ఆమే, టీలు మోసేది ఆమే, బోటనీ ల్యాబులో గాజు సామాను కడిగి తుడిచి పెట్టేదీ ఆమే. కాలేజీలో ఎన్ని పనులున్నాయో అన్నిటికీ కలిపి ఒకే ఉద్యోగం ఇచ్చారు.

బోటనీ చెప్పేది మైథిలి మేడం. ముప్పై ఆరేళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. పాఠాలు చెబుతూనే పక్కన పీహెచ్‌డీ చేస్తోంది. ఇది ఏడో ఏడు. సముద్రపుటొడ్డున పెరిగే చెట్ల ఎండుటాకుల మీద కంటికి ఆనని శిలీంధ్రాలు బతుకుతాయట, వాటి మీద పరిశోధన. ఆ మాట విన్నప్పుడల్లా ప్రిన్సిపాల్ గారికి నవ్వాగదు.

"తిరువూరుకీ సముద్రానికీ ఏంటి సంబంధం మేడం? చుట్టూ ఇన్ని మామిడితోటలు పెట్టుకుని ఆకుల కోసం బందరు పోతారేంటండీ?"

"మామిడాకుల మీద ఇప్పటికే చాలామంది చేశారు సార్" అనేది మేడం. ఏడేళ్ళ నుంచీ అదే సమాధానం.

సెలవు దొరికితే బందరు వెళ్ళి, సముద్రం పక్కన మొగలి పొదల కింద రాలిన ఆకులు ఏరుకొచ్చేది. బెత్తెడు ముక్కలుగా కోసి, మిఠాయి కొట్టు ప్లాస్టిక్ డబ్బాల్లో తడి టిష్యూ పేపరు పరిచి, వాటి మీద పెట్టి మూతలు వేసేది. మొత్తం పదకొండు డబ్బాలు. ల్యాబులో కిటికీ పక్క రాక్‌లో వరసగా ఉండేవి. కొన్ని వారాలకు ఆ ఆకుల మీద నల్లగా, తెల్లగా, పచ్చగా ఏవేవో మొలిచేవి. మేడం వాటిని సూదితో గీరి, మైక్రోస్కోపు కింద పెట్టి, గంటల తరబడి ఒంగి చూసేది.

నవంబరు మొదటి వారంలో ఒక ఉదయం మేడం బస్సులోంచి ఫోను చేసింది. యూనివర్సిటీవాళ్ళు అర్జెంటుగా పేపర్లు దిద్దడానికి రమ్మన్నారట.

"పుష్పమ్మా, అయిదు రోజులు రాను. రాక్‌లో డబ్బాలున్నాయి కదా, వాటిల్లో బూజు బాగా వచ్చింది. ఆ బూజు సంగతి కాస్త నువ్వు చూడమ్మా."

"అలాగేనండి. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి" అంది పుష్పలత.

ఇక్కడ తప్పెవరిదో తేల్చమంటే నా వల్ల కాదు. క్లాసులో అయితే మేడం శిలీంధ్రం అంటుంది. అటెండరుకు అర్థం కాదేమోనని, పాపం, మంచితనంతో బూజు అంది. ఫంగస్ అని ఉంటే ఏ గొడవా లేదు. కరోనా రోజుల్లో టీవీలవాళ్ళు ఊదరగొట్టీ ఊదరగొట్టీ ఫంగస్ అంటే ఏంటో వినగడపలో మేకలు కాసేవాళ్ళకు కూడా తెలిసేలా చేశారు. బూజు అంటే మాత్రం పుష్పలతకు ఒకటే అర్థం. దాని సంగతి చూడటమన్నా ఒకటే అర్థం. మేడం లెక్కలో చూడటమంటే కనిపెట్టుకుని ఉండటం, టిష్యూ ఆరిపోతే రెండు చుక్కల నీళ్ళు చల్లడం. పుష్పలత లెక్కలో చూడటమంటే పని పట్టడం.

దానికి తోడు ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "సోమవారం తనిఖీకి వస్తున్నారు. ల్యాబులో ఎక్కడా బూజు అన్నది కనపడకూడదు. నువ్వే చూసుకోవాలి."

ఒకే రోజు ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే పని చెప్పారు. పుష్పలత కొంగు బిగించింది.

డబ్బాల మూతలు తీసేసరికి ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఆకులన్నీ పారేద్దామనే అనుకుంది ముందు. అంతలోనే మనసొప్పలేదు. అంత దూరం నుంచి తెచ్చుకున్న ఆకులు, మేడం బాధపడుతుంది. అందుకని ఒక్కో ముక్కా తీసి, నీళ్ళల్లో మూతెడు ఫినాయిల్ కలిపి, అంకారావు పాత బనీను గుడ్డతో రెండు వైపులా తుడిచింది. ఎనభై ఆరు ముక్కలు. ఏ డబ్బావి ఆ డబ్బాలోనే, చిన్నవి ముందు పెద్దవి వెనక పేర్చి, కొత్త టిష్యూ వేసి మూతలు పెట్టింది. డబ్బాల మీద మేడం అంటించిన చీటీలు తడవకుండా జాగ్రత్తపడింది. తనిఖీకి వచ్చినవాళ్ళు రాక్ వైపు చూసి "నీట్‌గా ఉందే" అన్నారు. పుష్పలత గుమ్మం పక్కన నిలబడి ఆ మాట విన్నది. మేడం వచ్చాక ఏమంటుందోనని ఎదురుచూసింది.

గురువారం మేడం వచ్చింది. అన్నం కూడా తినకుండా ఏడో డబ్బా తెరిచింది. తర్వాత ఆరోది. తర్వాత అన్నీ. పన్నెండింటికి మొదలుపెట్టిన మనిషి మూడింటిదాకా మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఎత్తాక మొహంలో రంగు లేదు.

"ఒక్కటి కూడా లేదేంటి పుష్పమ్మా? మొత్తం ఎలా పోతుంది? బూజు చూడమన్నాను కదా, చూశావా?"

అప్పుడు అర్థమైంది పుష్పలతకు. నోట్లోంచి మాత్రం దానంతటదే వచ్చేసింది.

"చూశానండి. బాగానే చూశాను."

అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

మేడం సెల్‌ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. మైక్రోస్కోపు కంటికి ఫోను ఆనించి తీసింది, మసకమసకగా ఉంది. వడ్లగింజలాంటిది ఒకటి, రెండు కొసల్లోనూ సన్నటి మీసం. "ఇది ఇంతవరకూ ఎవరూ రాయలేదు పుష్పమ్మా. ఏడో డబ్బాలో కనిపించింది. ఒక్కసారే చూశాను. వచ్చాక సరిగ్గా స్లయిడు చేసి దాచుకుందామనుకున్నా." ఆ సాయంత్రం మేడం తన పీహెచ్‌డీ గైడు గారితో ఫోనులో మాట్లాడుతుంటే పుష్పలత గ్లాసులు కడుగుతూ విన్నది. స్లయిడులో గాలిబుడగ అయ్యుంటుందమ్మా, కొత్తలో అందరికీ అలాగే కనిపిస్తుంది అన్నాడాయన. ఏడేళ్ళ తర్వాత కూడా కొత్తేనట. డిసెంబరు నెలాఖరులోగా ఆకు మీద చూపిస్తే సరే, లేకపోతే థీసిస్‌లోంచి దాని అధ్యాయం తీసేయమన్నాడు.

ఫోను పెట్టేశాక మేడం ఏడో డబ్బాకు మూత పెట్టేసింది. "నా కళ్ళ మీద నాకే నమ్మకం పోతోంది" అంది. "ఇదంతా మానేద్దామనిపిస్తోంది."

ఆ మాటకు పుష్పలత ప్రాణం ఉసూరుమంది. చెప్పేద్దామని నోరు తెరిచింది, అంతలోనే కడిగిన గ్లాసులు తీసుకుని బయటికొచ్చేసింది. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని నేననను. కానీ అంతకన్నా పెద్ద భయం, మేడం తన వంక ఎలా చూస్తుందోనని.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుంటే అంకారావు పడీ పడీ నవ్వాడు.

"బూజు పోయిందని ఏడ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానే! మన వంటింటి చూరులో బోలెడుంది, పొట్లం కట్టివ్వనా?"

"నీకు నవ్వుగానే ఉంటుంది. ఆవిడ ఏడేళ్ళు పడ్డ పాటు నా బనీను గుడ్డకి అంటుకుపోయింది."

"నా బనీను" అని సరిదిద్దాడు అంకారావు. తర్వాత భార్య మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సరే, ఆ ఆకులు దొరికేది ఎక్కడ?"

డబ్బా మీద చీటీలో ఉంది. ఊరు, పొద ఉన్న చోటు, తేదీ, అన్నీ ఇంగ్లీషులో. శనివారం ల్యాబులో పుష్పలత కూడబలుక్కుని చదివి చేతి మీద రాసుకుంది. ఆదివారం తెల్లవారకముందే ఆధార్ కార్డు, రెండు పులిహోర పొట్లాలు, ఒక ఖాళీ బియ్యం సంచీ పట్టుకుని విజయవాడ బస్సెక్కింది. అక్కడి నుంచి బందరు బస్సు. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సులు వచ్చాక తిరువూరు ఆడవాళ్ళు గుళ్ళూ గోపురాలూ చుట్టొస్తున్నారు. బూజు కోసం ఎక్కింది మాత్రం పుష్పలత ఒక్కతే.

సముద్రం చూడటం ఆమెకు అదే మొదలు. చూసింది, బాగుందనుకుంది, వెనక్కి తిరిగి మొగలి పొదల్లో దూరింది. మొగలి ఆకు అంచుల నిండా ముళ్ళు. చేతులు రెండూ మోచేతుల దాకా గీరుకుపోయాయి. చేపల గంప దించుకుని కూర్చున్న ఒకావిడ కాసేపు చూసి అడిగింది.

"ఏం చేస్తావమ్మా ఆ కుళ్ళాకులు? చాపలల్లడానికైతే పచ్చివి కోసుకోవాలి."

"బూజు పట్టిద్దామని తీసుకెళ్తున్నానండి."

ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని కాస్త దూరంగా వెళ్ళి కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు కండక్టరు సంచీ వంక చూసి "నీకంటే ఆధార్ ఉంది, దీనికుందా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. పుష్పలత సంచీని ఒళ్ళోకి లాక్కుని, తిరువూరు బస్టాండులో దిగేదాకా వదల్లేదు.

ఇంట్లో మంచం కింద డబ్బాలు వెలిశాయి. పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీము డబ్బాలు, ఏవి దొరికితే అవి. మేడం చేసినట్టే చేసింది. రోజూ పొద్దున్నే మూతలు తీసి చూడటం, ఆరినచోట నీళ్ళు చిలకరించడం. పది రోజులకు మొలకెత్తడం మొదలైంది. వాటిని చూసి అంత సంతోషం కలుగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. జీవితమంతా దులిపేసిన చేతులతో పెంచడం వింతగా ఉంది. వాటికి తనే పేర్లు పెట్టుకుంది. తెల్లగా ఉబ్బింది పేలపిండి, పచ్చగా పరుచుకుంది పాచిగాడు, నల్లగా గుచ్చుకునేట్టుండేది గడ్డం మామ.

మేడం క్లాసుకు వెళ్ళిన గంటలో పుష్పలత ల్యాబు తలుపు దగ్గరగా వేసి, ఇంటి నుంచి తెచ్చిన ముక్కలు ఒక్కొక్కటే పరీక్షించేది. ఆరేళ్ళుగా స్లయిడ్లు కడిగిన మనిషి, పిల్లలు ఎలా చేస్తారో వెయ్యిసార్లు చూసింది. సూదికొసతో నల్లచుక్కను తీయడం, నీటిచుక్కలో వేయడం, పైన పల్చటి గాజుబిళ్ళ దించడం. పిల్లలు గీకితే సగం ఆకు ఊడి వచ్చేది. పుష్పలత తీస్తే చుక్క ఒక్కటే వచ్చేది. పత్తి తీసిన వేళ్ళు మరి. మైక్రోస్కోపులో మాత్రం మొదటి మూడు రోజులూ ఆమెకు తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. నాలుగో రోజుకు చూపు కుదిరింది. ఉండలు, గొలుసులు, అరటిగెలలు, ఏవేవో కనిపించాయి కానీ మీసాల వడ్లగింజ మాత్రం లేదు. రోజులు గడుస్తున్నాయి. మేడం ఆ అధ్యాయం మాటే ఎత్తడం లేదు. పరిశోధన కాగితాల కట్ట బీరువాలో పెట్టి తాళం వేసింది.

డిసెంబరు రెండో సోమవారం, ఐస్‌క్రీము డబ్బాలోని ముక్క. చుక్క తీసి పెట్టి చూసింది. మూడు గింజలు, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కోదానికి రెండు కొసలా మీసం.

అరవబోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక అసలు పరీక్ష అప్పుడొచ్చింది. మేడం దగ్గరికి పరుగెత్తి చెప్పొచ్చు. చెబితే ఎక్కడిదని అడుగుతుంది. ఎందుకు తెచ్చావని అడుగుతుంది. ఫినాయిల్ దాకా వస్తుంది. పుష్పలత కాసేపు నిలబడి ఆలోచించింది. తర్వాత ఆ ముక్కను తీసి మేడం ఏడో డబ్బాలో, పైనే కనపడేలా పెట్టి మూత వేసింది. ఎవరికీ నష్టం లేదు కదా. అదే సముద్రం, అదే మొగలి, అదే బూజు.

మేడం క్లాసు నుంచి రాగానే "ఒక్కసారి ఏడో డబ్బా చూడండి మేడం, ఏదో మళ్ళీ మొలిచినట్టుంది" అంది.

మేడం నీరసంగానే వెళ్ళింది. అయిదు నిమిషాల తర్వాత ఆ నెమ్మదైన మనిషి కేక పెట్టింది. పుష్పలత రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వెంటనే గైడు గారికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"సార్, గాలిబుడగలకి మీసాలుండవు కదండీ?"

ఫోటోలు వెళ్ళాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాదే పొరపాటమ్మా. కొత్తదే అనిపిస్తోంది. ఆకు ముక్క ఆరబెట్టి కవర్లో దాచు. మీద చీటీ రాయి, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరు తెచ్చారు. ఆ చీటీ జాగ్రత్త. వందేళ్ళ తర్వాత ఎవరికైనా అనుమానమొస్తే అది పట్టుకునే ఆ చోటికి వెళ్తారు."

"రాస్తాను సార్. సెప్టెంబరు ఇరవై ఒకటిన నేనే తెచ్చాను" అంటూ మేడం కలం తీసింది.

పుష్పలత గుమ్మం దగ్గర టీ గ్లాసులతో నిలబడి ఉంది. వందేళ్ళ తర్వాత ఎవరో ఒక మనిషి ఆ కాగితం పట్టుకుని సెప్టెంబరు నెలలో ఆ పొదల్లో దూరి వెతకడం ఆమె కళ్ళకు కట్టింది. ఒకవేళ అప్పుడు దొరకకపోతే? మైథిలి అనే ఆవిడ గాలిబుడగను చూసిందని ఆ మనిషి కూడా అంటాడు. అప్పుడు కాదని చెప్పడానికి తను ఉండదు.

"మేడం, తేదీ అది కాదండి."

మేడం తలెత్తింది. ఫోనులో గైడు గారు "హలో" అంటున్నాడు. పుష్పలత గ్లాసులు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేసింది. బూజు, ఫినాయిల్, బనీను గుడ్డ, బియ్యం సంచీ, మంచం కింద డబ్బాలు. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"ఫినాయిలా?" అంది మేడం. ఫోను కట్టేసింది. కిటికీ వైపు తిరిగి, "నువ్వు బయటికెళ్ళు పుష్పమ్మా" అంది.

పుష్పలత బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆరేళ్ళలో ఆ గొంతు అలా వినలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. మూడున్నరకు లేచి వెళ్ళి గంట కొట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది. పిల్లలు వెళ్ళిపోయారు. ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి పిలుపు వస్తుందని చూసింది. రాలేదు. నాలుగున్నరకు ల్యాబు తలుపు తెరుచుకుంది.

మేడం చేతిలో గోధుమరంగు కవరు, కలం ఉన్నాయి. వచ్చి అదే మెట్టు మీద, కాస్త ఎడంగా కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏ చోట?"

"మీ చీటీలో ఉన్న చోటేనండి. కానీ మీరు రాసిన పొదలో ఆకులు అయిపోయాయి. దాని పక్క నుంచి మూడోది. కింద తడిగా ఉన్నవి ఏరాను."

మేడం రాసుకుంది. "ఏ రోజు?"

"నవంబరు పదహారు, ఆదివారం."

అదీ రాసింది. తర్వాత కలం ఆగింది. పుష్పలత ఓపిక పట్టలేకపోయింది.

"మీకు కోపం పోయిందా మేడం?"

"పోలేదు. ఇంకో వారం ఉంటుంది." మేడం కవరు మీంచి చూపు తిప్పలేదు. "తెచ్చినవాళ్ళ పేరు పూర్తిగా రాయాలి. నీ ఇంటిపేరేంటి?"

కాలేజీలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. హాజరు పుస్తకంలో కూడా పుష్పలత, అటెండరు అనే ఉంటుంది.

"గుడిమెట్ల" అంది. గొంతు బొంగురుపోయి సగమే బయటికొచ్చింది.

"సరిగ్గా చెప్పు పుష్పమ్మా. తప్పు రాస్తే వందేళ్ళు తప్పే ఉంటుంది."

పుష్పలత కొంగుతో మొహం తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ఈసారి గట్టిగా చెప్పింది.